మామిడిపళ్ల సత్యాగ్రహం

కిందటి వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. ఇంటర్మీడియట్ మొదటి ఏడు పరీక్షలు రాసి, ఇక పుస్తకం మొహం చూడనని శపథం పట్టి వచ్చిన పిల్ల, నాలుగో రోజుకల్లా తోచక నా బీరువా తెరిచింది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వసారాలో మంచం మీద నడుం వాల్చాను. తను కింద చాప మీద బోర్లా పడుకుని లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి చదువుకుంటోంది. ఉన్నట్టుండి తలెత్తి, "అమ్మమ్మా, గాంధీగారు మామిడిపళ్ల సత్యాగ్రహం ఏ సంవత్సరంలో చేశారు?" అని అడిగింది.

నాకు సగం నిద్ర. "మామిడిపళ్లకి సత్యాగ్రహం ఏమిటే? ఈ ఏడు బంగినపల్లి సరిగ్గా కాయలేదని మీ తాతయ్య చేస్తున్నారు గానీ!" అన్నాను.

"హాస్యం కాదమ్మమ్మా, ఇదిగో, ఇందులో ఉంది" అని పుస్తకం నా మొహం మీద పెట్టింది.

అప్పుడు చూశాను అది ఏ పుస్తకమో. శశి థరూర్ 1989లో రాసిన 'ది గ్రేట్ ఇండియన్ నావెల్'. పేరులోనే ఒక కొంటెతనం ఉంది. 'మహా' అంటే గ్రేట్, 'భారతం' అంటే ఇండియా. మన మహాభారతాన్నే ఇంగ్లీషులోకి తిప్పి అట్ట మీద వేశాడన్నమాట. ఇరవయ్యో శతాబ్దపు భారత రాజకీయాలను తీసుకుని, పద్ధెనిమిది పర్వాల భారతంలో పోసి, పద్ధెనిమిది భాగాల నవల చేశాడు. అందులో భీష్ముడి పేరు గంగాజీ. గోచీపంచె, ఉపవాసాలు, బ్రహ్మచర్యం అన్నీ ఉన్నాయి, ఇక ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ గంగాజీ మామిడిపళ్ల మీద సర్కారు వేసిన పన్నుకి నిరసనగా పాదయాత్ర చేస్తాడు. మా పిల్ల చిక్కుకున్నది అక్కడ.

"మరి ఉప్పు సత్యాగ్రహం మాట వినలేదుటే?" అంటే, "అది తెలుసు. ఇది మరొకటేమో అనుకున్నాను. మోతీహారీ నిజం, నీలిమందు రైతులు నిజం, అది మా పాఠంలోనే ఉంది. అన్నీ నిజాలు రాసి మధ్యలో ఇది అబద్ధమని నాకెలా తెలుస్తుంది?" అంది.

నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. ముప్ఫై ఏళ్ల పైచిలుకు హైస్కూల్లో సోషలు, ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. 1930 మార్చి 12న సబర్మతి నుంచి 78 మందితో గాంధీగారు బయలుదేరడం, సుమారు 240 మైళ్లు నడిచి ఏప్రిల్ 6న దండి ఒడ్డున ఉప్పు తీయడం ఎన్ని వందలసార్లు నల్లబల్ల మీద రాశానో! మా పెద్దతాతయ్య ఆ రోజుల్లో కాకినాడ దగ్గర సముద్రపు నీళ్లు కుండలో కాచి, చారెడు ఉప్పు చేసి, దానికి ఆరు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. ఆ ఉప్పులో ఇసకే ఎక్కువట. అయినా మా నాయనమ్మావాళ్లు ఒక చిటికెడు పొట్లం కట్టి దేవుడి గూట్లో దాచుకున్నారు. అటువంటి ఇంట్లో పుట్టినదాన్ని, మామిడిపళ్ల సంగతి చదివి కోపం తెచ్చుకోవాలి కదా? ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, మొదటిసారి చదివినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాను.

ఆ నవల చదవనివారి కోసం కాస్త సావకాశంగా చెబుతాను. మనకి భారతం కొత్త కాదు. నన్నయగారు మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో వదిలేస్తే, తిక్కనగారు విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు పూర్తిచేస్తే, మధ్య ఖాళీ ఎర్రనగారు పూరించారని మూడో ఫారం పిల్లవాడు కూడా చెప్పేవాడు. పేకాటలో మోసం చేసేవాడు శకుని, మంకుపట్టు పట్టినవాడు భీష్మించుకు కూర్చున్నాడు, కొడుకు తప్పులు కనబడని తండ్రి ధృతరాష్ట్రుడు. ఇది మన వీధి భాషే. అంచేత ఈ నవల తెలుగువాళ్లకి సగం తెలిసిన పుస్తకమని నా నమ్మకం. మిగతావాళ్లు అడుగున వివరణ వెతుక్కోవలసిన చోట మనం ముందే నవ్వేస్తాం.

ఇందులో వ్యాసుడు ఒక ముసలి రాజకీయ నాయకుడు. పదవులన్నీ చూసి, మూలకూర్చుని తన జ్ఞాపకాలు చెబుతుంటాడు. రాసుకునేవాడి పేరు గణపతి. ధృతరాష్ట్రుడు నెహ్రూగారు. గుడ్డివాడే గానీ, లోకాన్ని ఉన్నట్టు కాక తనకు ఇష్టమైనట్టు చూడగలగడం ఆ గుడ్డితనంలోని సుగుణమట! పాండురాజులో సుభాష్ బోసు ఉన్నాడు. నుదుట అర్ధచంద్రుడితో పుట్టిన కర్ణుడు జిన్నా. పుట్టుకతో తమవాడే అయినా పాండవులతో కలవనివాడు, అభిమానధనుడు. ఈ ఒక్క పోలికకి రచయితకి నేను నమస్కారం పెట్టాను. చరిత్ర పుస్తకాలు పది చదివినా జిన్నాని అలా చూడాలని నాకు తోచలేదు. కాంగ్రెసు పేరు కౌరవ పార్టీ. గాంధారికి నూరుగురు కొడుకులకు బదులు ఒక్కతే కూతురు, ప్రియా దుర్యోధని. ఆవిడెవరో కూడా చెప్పనక్కర్లేదు. జయప్రకాశ్ నారాయణ్ ద్రోణుడయ్యాడు. మొరార్జీ దేశాయి యుధిష్ఠిరుడు. ధర్మం తప్పని మనిషి, దానితోపాటు ఎదుటివాడి ప్రాణం విసిగించే మనిషి కూడాను. అర్జునుడు పత్రికలు, భీముడు సైన్యం, నకుల సహదేవులు సర్కారీ ఉద్యోగులు. ఇక ద్రౌపది ఇంటిపేరు మొక్రాసి. ముందు 'డి' అక్షరం పెట్టి చదవండి, డెమోక్రసీ! అయిదుగురు కలిసి కాపాడవలసిన ప్రజాస్వామ్యమన్నమాట. 1975 జూన్‌లో వచ్చిన ఎమర్జెన్సీ ఎక్కడ ఇమిడిందో మీరు ఊహించే ఉంటారు. నిండు సభలో, చీర దగ్గర.

పర్వాల పేర్లు కూడా చిలిపివే. రిగ్వేదం కాస్తా 'రిగ్డ్ వేద' అయింది, ఎన్నికల రిగ్గింగు చేసిన వేదమని. కిప్లింగు 'జంగిల్ బుక్' పోయి 'బంగిల్ బుక్' వచ్చింది. ఇలాంటి చెణుకులు మోతాదు మించాయని మా వారి అభిప్రాయం. "గారెలు బాగున్నాయి కదా అని పాతిక పెడితే ఎలాగోయ్?" అంటారు. ఒక మాట మాత్రం చెప్పాలి. జలియన్‌వాలాబాగ్ దగ్గరికి వచ్చేసరికి రచయిత చెణుకులు కట్టిపెట్టేశాడు. తోటకి మరో పేరు, కాల్పించిన దొరకి మరో పేరు పెట్టాడు, అంతే. 1919 ఏప్రిల్ 13న పేలిన 1,650 తూటాలు, సర్కారు ఒప్పుకున్న 379 చావులు, వీటి ముందు వేళాకోళం నిలబడదని ఆయనకి తెలుసు. ఎక్కడ నవ్వించకూడదో తెలిసినవాడు నవ్విస్తేనే నాకు నచ్చుతుంది.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఇది ఢిల్లీలో కూర్చుని చూసిన భారతం. ఎమర్జెన్సీ తరవాత 1977 మార్చి ఎన్నికల్లో దుర్యోధని ఓడిపోతుంది, నిజమే, ఇందిరాగాంధీ రాయ్‌బరేలీలో ఓడిపోయింది. కాని మన రాష్ట్రంలో జరిగిందేమిటి? 42 స్థానాల్లో 41 ఆమె పార్టీకే ఇచ్చాం. మిగిలిన ఒక్క నంద్యాలా నీలం సంజీవరెడ్డిగారిది. 1980లో ఆమెను మెదక్ నుంచి గెలిపించినవాళ్లమూ మనమే. ఢిల్లీలో ద్రౌపదికి చీర లాగుతుంటే ఇక్కడ మనం ఏం చేస్తున్నామన్నది వేరే పర్వం రాయవలసిన సంగతి. ఎవరూ రాసినట్టు లేదు. రాస్తే ఎవరి మొహాలు ఎలా ఉంటాయో!

తమాషా ఏమిటంటే, ఇంతమంది నాయకుల్ని ఇన్ని వంకరలు తిప్పిన ఆ రచయిత, నవల రాసేనాటికి ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగి, తరవాత రాజకీయాల్లోకి దిగి 2009లో తిరువనంతపురం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఏ పార్టీ నుంచీ అంటే, కౌరవ పార్టీ నుంచే.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. విన్నంతసేపు విని, "అయితే ఏది నిజమో ఏది కల్పనో పక్కన గీత గీసి ఇవ్వు అమ్మమ్మా" అంది. అలా గీతలు గీస్తే ఇక నవల ఎందుకు, గైడు కొనుక్కోమన్నాను. అన్నాను గాని, ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ గీత గీయకపోవడం వల్ల ఏమవుతుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇది నేను చేసిన తప్పు. నలభై ఏళ్లు దాటింది కనక ఇప్పుడు చెప్పుకోవచ్చు.

మా మేనమామ మా అమ్మమ్మగారి ఊళ్లో పంచాయతీ ప్రెసిడెంటు. కోనసీమలో కాలవ గట్టున ఉన్న చిన్న ఊరు. మామయ్య మంచివాడే, చెడ్డవాడు కాదు, ప్రెసిడెంటు. అంటే నా ఉద్దేశం మీకు తెలిసే ఉంటుంది. వీధి దీపాలకి పన్నెండు స్తంభాలు మంజూరైతే ఊళ్లో ఏడు నిలబడ్డాయి. పంచాయతీ ఆఫీసు గోడకి ఉండవలసిన రేడియో మామయ్య ఇంటి వరండాలోకి వచ్చింది. వార్తలు వినాలంటే ఊరివాళ్లు ఆయన అరుగు మీద కూర్చోవాలి. కూర్చున్నవాళ్లు ఊరికే ఉండకుండా ఆయన కొబ్బరికాయలు నాలుగు వలిచిపెట్టాలి. గ్రామసభ తీర్మానాలన్నీ ఆయన పడకకుర్చీలో జరిగేవి, సంతకాలు మర్నాడు పొలాల గట్ల మీద.

నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. కొత్తగా ఉద్యోగం, కొత్తగా రాతపిచ్చి. 1982లో ఈ సంగతులన్నీ గుచ్చి ఒక కథ రాసి వారపత్రికకి పంపాను. ఊరి పేరు మార్చాను, మామయ్య పేరు మార్చాను. పన్నెండు స్తంభాలు, ఏడు స్తంభాలు, వరండాలో రేడియో మాత్రం అలాగే ఉంచాను. కథంతా పూర్తయ్యాక చదువుకుంటే చివర పస తగ్గినట్టు అనిపించింది. ఇంత నవ్వించాక పాఠకుడి గుండె ఒక్కసారి ఝల్లుమనాలి కదా అనుకున్నాను. అంచేత చివర ఒక ఘట్టం కల్పించాను. పోలింగు రోజున ప్రెసిడెంటుగారి తల్లి మంచాన ఉండి "నాయనా" అని కలవరిస్తూ ఉంటుంది. ఆయన బూతు దగ్గర వోట్లు లెక్కపెట్టుకుంటూ కబురు వచ్చినా కదలడు. గెలిచి మేళతాళాలతో ఇంటికి వచ్చేసరికి ఆవిడ పోయి ఉంటుంది. మెడలో పూలదండ తీసి తల్లి మీద వేస్తాడు.

చాలా బాగా కుదిరిందని మురిసిపోయాను.

అసలు జరిగిందేమిటంటే, మా అమ్మమ్మ నిజంగానే ఆ ఎన్నికలప్పుడే పోయింది. మామయ్య పోలింగుకి ముందు రెండు రోజులు, పోలింగు రోజు, తల్లి మంచం దగ్గర నుంచి కదల్లేదు. పార్టీవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి బూతు దగ్గర కనబడి వచ్చెయ్యండి" అని బతిమాలారు. "పోతే పోనీండిరా వెధవ ప్రెసిడెంటుగిరీ!" అని గసిరి పంపేశాడు. చెంచాతో గ్లూకోజు నీళ్లు నోట్లో పోస్తూ కూర్చున్నాడు. పందొమ్మిది వోట్లతో గెలిచాడు, ఆ సంగతి మర్నాడుగాని తనకి తెలియదు. ఇదంతా నేను విన్నది కాదు. ఆ మూడు రోజులూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. నీళ్లు వేడిచేసి ఇచ్చినదాన్ని నేనే.

తెలిసి రాశాను. కథ కోసం రాశాను. పేరు మార్చాను కదా, ఇది మా మామయ్య కాదు కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

కథ అచ్చయింది, బొమ్మతో సహా. ఎడిటరుగారు మెచ్చుకుంటూ కార్డు రాశారు. మా స్కూల్లో టీచర్లందరూ ఆ ముగింపే బాగుందన్నారు. మూడో వారానికి పత్రిక కోనసీమ చేరింది. చదివినవాళ్లకి రెండో పేరా దగ్గరే ఇది ఏ ఊరో అర్థమైపోయింది. స్తంభాలు సరిపోయాయి, రేడియో సరిపోయింది, పడకకుర్చీ సరిపోయింది. ఇన్ని సరిపోయాక చివరిది మాత్రం అబద్ధమని ఎవరనుకుంటారు? ఊళ్లో ఉన్నవాళ్లకి నిజం తెలుసు. పక్క ఊళ్లవాళ్లకి, చుట్టాలకి, వియ్యాలవారికి తెలియదు. మా మామయ్య పెద్దకూతురు అత్తవారింట్లో, "మీ నాన్న తల్లి పోతుంటే కూడా రాలేదటగా" అని అడిగారట.

నేను ఆ రోజుల్లో రాసిన నిజాలన్నీ ఆ ఒక్క అబద్ధానికి సాక్షి సంతకాలు పెట్టాయి. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

ఒక ఆదివారం పొద్దున మామయ్య వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి గుమ్మం ముందే నిలబడ్డాడు. అమ్మ మంచినీళ్లు తెస్తే ముట్టుకోలేదు. నన్ను పిలిచాడు.

"స్తంభాల సంగతి రాశావే అమ్మాయ్, రాసుకో. ఆ డబ్బు తీర్థం ఖర్చులో కలిసిపోయింది, ఒప్పుకుంటాను. కొబ్బరికాయల సంగతీ రాసుకో. నవ్వారు, నేనూ నవ్వాను. మా అమ్మ సంగతి ఎందుకు కల్పించావే? నువ్వు అక్కడే ఉన్నావుగా?"

నేను నోరు మెదపలేదు. "కథ మామయ్యా అది" అని మాత్రం అన్నాను కాబోలు.

"కథయితే మొత్తం కథ రాయాలి. నిజమైతే మొత్తం నిజం రాయాలి" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. మా ఇంటి గుమ్మం మళ్లీ తొక్కలేదు.

నెల తిరక్కుండా మిగతా అయిదు స్తంభాలూ పాతించాడు. తన జేబులోంచే పెట్టాడని విన్నాం. అంటే చూడండి, నేను రాసిన వ్యంగ్యం చేయవలసిన పని చేసింది. ఊరికి వెలుగు వచ్చింది. కాని ఆ ఏడు సంక్రాంతికి మా అమ్మకి పుట్టింటి చీర రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు. రెండో కూతురి పెళ్లికి శుభలేఖ పోస్టులో వచ్చింది, పిలవడానికి మనిషి రాలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. సంక్రాంతి నాడు పెట్టెలోంచి పాత వెంకటగిరి చీర తీసి కట్టుకుని, "ఇది మీ మామయ్య పెట్టిందే" అని ఎవరూ అడక్కుండానే చెప్పేది. అంతకంటే నాలుగు తిడితే బాగుండును.

ఎడిటరుగారికి ఉత్తరం రాశాను, ఆ ఘట్టం నిజం కాదని ఒక ముక్క వేయమని. "కథకి సవరణ ఏమిటమ్మా? కథ కల్పన అని పాఠకులకి తెలియదా?" అని జవాబు వచ్చింది. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కాని మా అమ్మ చీరకి ఆ న్యాయం పనికిరాలేదు.

ఇలా ఉండగా 1984లో పేపర్లలో ఒక వార్త చదివాను. సల్మాన్ రష్దీ అనే రచయిత 1981లో 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' అనే నవల రాశాడు. 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే పుట్టిన సలీం అనేవాడి కథ. ఆ గంటలో దేశంలో పుట్టిన వెయ్యిన్నొక్క మంది పిల్లలకి వింత శక్తులుంటాయి. దానికి ఆ ఏడే బుకరు బహుమతి వచ్చింది. అందులో ఎమర్జెన్సీని, ఇందిరాగాంధీని మాటలతో చీల్చి చెండాడాడు. ఆమె ఆ రచయిత మీద లండన్‌లో పరువునష్టం దావా వేసింది. ఎమర్జెన్సీ గురించి రాసినందుకు కాదు! ఆమె భర్త మరణానికి, ఆమె కుటుంబానికి సంబంధించిన ఒకే ఒక్క వాక్యం గురించి. చివరికి రాజీ కుదిరింది. క్షమాపణ చెప్పి, తరవాతి ముద్రణల్లో ఆ వాక్యం తీసేశారు. ఆ ఏడు అక్టోబరు 31న ఆమె హత్య జరిగింది.

ఆ వార్త చదివి పేపరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దేశాన్ని ఏలిన ప్రధానమంత్రి ఎక్కడ, కోనసీమలో పంచాయతీ ప్రెసిడెంటు ఎక్కడ! రాజకీయం గురించి వందల పేజీలు రాసినా ఊరుకున్న మనిషి ఇంటి గడప లోపలి మాట ఒక్కటి అనేసరికి కోర్టుకెక్కింది. మా మామయ్య సైకిలెక్కాడు, అంతే తేడా. ఆమె దావా వేయడం మంచిదా కాదా అనే వాదన నాకు అక్కర్లేదు. రాసేవాడి నోరు కట్టేయడం నాకెప్పుడూ ఇష్టం లేదు. కాని ఆ వాక్యం ఎందుకు గుచ్చుకుందో నాకు తెలుసు.

ఆ నవల సంపాదించి చదివాను. కష్టపడే చదివాను, దాపరికమెందుకు! ఒకచోట సలీం, వాల్మీకి రామాయణం చెబుతుంటే గణపతి రాసుకున్నాడంటాడు. అదేమిటి, గణపతి రాసింది వ్యాసుడి దగ్గర, భారతం కదా! మా అమ్మకి చదివి వినిపిస్తే, "ఇంగ్లీషు చదువుల వాళ్లకి ఇంతకంటే ఏం తెలుస్తుంది" అని తీసిపారేసింది. గాంధీగారి హత్య తేదీ కూడా తప్పు చెబుతాడు, తప్పని ఆ తరవాత తనే ఒప్పుకుంటాడు. ఈ తప్పుల్లో కొన్ని కావాలనే పెట్టానని రచయితే దరిమిలా ఒక వ్యాసంలో రాశాడు. మనిషి జ్ఞాపకం ఇలాగే తప్పులు కలుపుకుని తన నిజాన్ని తయారు చేసుకుంటుందని చూపించడానికట. అంటే గీత గీయకపోయినా, ఇక్కడ గీత ఉంది సుమా అని పాఠకుడి మోచెయ్యి గిల్లుతున్నాడన్నమాట. థరూర్ మామిడిపళ్లు కూడా అటువంటి గిల్లుడే. దండి పేరు ఎవరికి తెలియదు? ఉప్పు తీసి మామిడిపండు పెడితే పాఠకుడు ఉలిక్కిపడి నవ్వుతాడు గాని మోసపోడు, మా మనవరాలి వంటి పదహారేళ్ల పిల్ల అయితే తప్ప. ఆ పిల్ల కూడా అడిగి తెలుసుకుంది. మరి నా కథలో పూలదండని అడిగి తెలుసుకోవడానికి ఎవరికి వీలుంది? చరిత్ర పుస్తకంలో ఉన్న మనిషికి వెయ్యి సాక్ష్యాలున్నాయి. మా మామయ్యకి సాక్ష్యం నేనొక్కదాన్నే, ఆ సాక్షే తిరగబడింది.

హిందీలో శ్రీలాల్ శుక్ల 'రాగ్ దర్బారీ' అని ఒక నవల రాశాడు, 1968లో వచ్చింది, మరుసటి ఏడు సాహిత్య అకాడమీ బహుమానం పొందింది. శివపాల్‌గంజ్ అనే ఊరు, ఆ ఊళ్లో కాలేజీ, సొసైటీ, పంచాయతీ అన్నీ గుప్పిట్లో పెట్టుకున్న వైద్యుడొకాయన. ఆ ఊరు దేశపటంలో వెతకనక్కర్లేదు, అందరికీ తమ ఊరే అనిపిస్తుంది. శుక్లగారు స్వయంగా ఉత్తరప్రదేశ్ సర్కారులో ఆఫీసరు. ఎన్ని ఊళ్ల స్తంభాలు, ఎన్ని రేడియోలు చూసి ఉంటాడో! అన్నీ కలిపి నూరి ఒక్క ఊరు చేశాడు. ఫలానావాడని వేలు పెట్టి చూపడానికి లేకుండా, నేను కాదని తప్పించుకోవడానికి ఎవడికీ వీలు లేకుండా. అది ముందే చదివి ఉంటే నేను బాగుపడేదాన్నేమో. చదివింది 1990ల్లో.

1994లో నా కథలు కొన్ని పుస్తకంగా వేశాం. వేశాం అంటే మా వారి ప్రావిడెంటు ఫండు అప్పుతో. ఈ కథ వదిలేద్దామనుకున్నాను. "వదిలేస్తే తప్పు ఒప్పుకున్నట్టూ కాదు, దిద్దుకున్నట్టూ కాదు" అన్నారాయన. ఆ చివరి ఘట్టం మొత్తం కొట్టేసి, స్తంభాల దగ్గరే కథ ఆపాను. మొదటి ప్రతి తీసుకుని అమ్మని వెంటబెట్టుకుని బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. పన్నెండేళ్ల తరవాత.

మామయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ప్రెసిడెంటుగిరీ పోయి చాలా కాలమైంది, చూపు మందగించింది. అమ్మని చూసి లేచాడు. "రావే అక్కయ్యా" అని లోపలికి తీసుకెళ్లాడు. నన్ను పలకరించలేదు. భోజనాలయ్యాక నేను పుస్తకం తీసి పీట మీద పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, ఆ కథ వెతుక్కుని, పెదాలు కదుపుతూ ఆఖరి దాకా చదివాడు. పేజీ తిప్పాడు. అవతల వేరే కథ మొదలైంది. మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు.

"తీసేశావే!"

"తీసేశాను మామయ్యా."

కాసేపు ఊరుకున్నాడు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "ఇప్పుడు కథ చప్పగా ఉందే పిల్లా" అన్నాడు.

నిజమే, చప్పగానే ఉంది. ఇప్పటికీ ఆ కథ పాత ప్రతి చదివినవాళ్లు అదే బాగుందంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాలో ఉన్న రచయిత్రి కాస్త మురుస్తుంది కూడాను. ఏం చేయను!

బయలుదేరేటప్పుడు అత్తయ్య అమ్మకి బొట్టు పెట్టి చీర ఇచ్చింది. సంక్రాంతి ఇంకా నాలుగు నెలలుంది. మామయ్య బస్సు దాకా వచ్చాడు. బస్సు కదులుతుండగా కిటికీ పట్టుకుని రెండడుగులు నడిచి, "ఆ రేడియో సంగతి మాత్రం నువ్వు సరిగ్గా రాయలేదే. ఆఫీసు గోడకి వాన జల్లు కొడుతోందని వరండాలో పెట్టించాను, నా సుఖం కోసం కాదు. ఈసారి వేసినప్పుడు అది కూడా తీసెయ్" అన్నాడు.

పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. రేడియో సంగతి మాత్రం తీయలేదు.